చిక్కటి ద్రవంలో బ్యాక్టీరియా వేట: ఈత నెమ్మదిస్తే ఆకలి తప్పదా?

తోటి బ్యాక్టీరియాను వేటాడి తినే బ్యాక్టీరియా మీద ప్రయోగాలు ఎక్కువగా నీళ్లలాంటి పలచటి ద్రావణాల్లోనే జరుగుతాయి. కానీ వాటితో పని చేయించుకోవాలని అనుకుంటున్న చోట్లు అలా ఉండవు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫం, పుండు మీద ఊరే రసి, పైపుల లోపల పాకిన జిగురు పొర, తడి మట్టి రేణువుల మధ్య సందులు, ఇవన్నీ నీటి కంటే చిక్కనివో జిగటవో. అందుకే ఈ రంగంలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: ద్రవం చిక్కబడితే వేట ఏమవుతుంది? ఈత నెమ్మదిస్తుంది కాబట్టి వేట కూడా అంతే మేరకు పడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అందులో మొదటి సగం నిజం. రెండో సగాన్ని ప్రయోగాలు బలపరచలేదు. ఎందుకు బలపరచలేదో చూస్తే, ఈ జీవుల వేటలో ఈత వాటా అసలు ఎంతో అర్థమవుతుంది.

ఈ కథలో ముఖ్యమైన జీవి డెల్లోవిబ్రియో బ్యాక్టీరియోవోరస్. 1962లో బెర్లిన్‌లో హైంజ్ స్టోల్ప్ అనే శాస్త్రవేత్త మట్టిలో బ్యాక్టీరియోఫేజ్ వైరస్‌ల కోసం వెతుకుతుండగా బయటపడింది. ఫేజ్‌లు బ్యాక్టీరియాను చంపి చేసే ఖాళీ మచ్చలు, వాటిని పెంచే పళ్లెంలో ఒక రోజులో కనిపిస్తాయి. ఇక్కడ మచ్చలు ఆలస్యంగా కనిపించి, ఆ తర్వాత కూడా పెరుగుతూ పోయాయి. మైక్రోస్కోపు కింద చూస్తే వైరస్ కాదు, చురుగ్గా ఈదుతున్న చిన్న బ్యాక్టీరియా. కామా ఆకారంలో వంగిన శరీరం, వెడల్పు మైక్రోమీటరులో మూడో వంతు నుంచి సగం వరకు, పొడవు ఇంచుమించు ఒక మైక్రోమీటరు. దాని ఆహారమైన ఇ. కోలై కణం ఇంతకంటే కొన్ని రెట్లు పెద్దది. వేటగాడే చిన్నగా, ఎరే పెద్దగా ఉండే వేట ఇది.

దాని ఒక కొసన ఒకే ఒక్క కశాభం, అంటే తిరుగుతూ ఈదించే తోకలాంటి పోగు, ఉంటుంది, దాని మీద పొర తొడుగు. ఆ ఒక్క కశాభాన్ని తిప్పుకుంటూ సెకనుకు 160 మైక్రోమీటర్ల దాకా ఈదగలదు. అంటే తన శరీరం పొడవుకు వంద రెట్లకు పైగా దూరం ఒక్క సెకనులో. ఇ. కోలై మామూలుగా సెకనుకు ఇరవై ముప్ఫై మైక్రోమీటర్లే ఈదుతుంది. ఇంత వేగం ఉన్న జీవి కాబట్టే, ఆ వేగం మీద దెబ్బ పడితే బతుకు మీదే దెబ్బ పడుతుందని అనుకోవడం సహజం.

దీని జీవితంలో రెండు దశలు. మొదటిది బయట ఈదే దశ. ఈ దశలో అది పెరగదు, విభజన చెందదు, వెతుకుతుంది అంతే. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, అంటే రెండు పొరలున్న రకం, ఏదైనా తగిలితే దానికి అతుక్కుంటుంది. కాసేపటికి పట్టు గట్టిపడి, ఎర పైపొరకు రంధ్రం చేసి, పైపొరకూ లోపొరకూ మధ్య ఉన్న పెరిప్లాజం అనే సందులోకి దూరుతుంది. దూరాక ఎర కణం గుండ్రంగా మారి చచ్చిపోతుంది. లోపల వేటగాడు ఆ కణాన్ని నెమ్మదిగా జీర్ణం చేసుకుంటూ పొడవాటి దారంలా పెరిగి, ముక్కలై, నాలుగైదు పిల్లల్ని పుట్టించి, ఎర గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇ. కోలై మీద ఈ చక్రం పూర్తవడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఈ మూడు నాలుగు గంటలు అన్న లెక్కను గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితోనే పని.

ఇప్పుడు చిక్కదనం సంగతి. భౌతికశాస్త్రంలో దీన్ని స్నిగ్ధత అంటారు, కొలిచే ప్రమాణం మిల్లీపాస్కల్ సెకను. 20 డిగ్రీల నీటి స్నిగ్ధత ఇంచుమించు 1. 37 డిగ్రీలకు వచ్చేసరికి అది 0.7కి దిగుతుంది. గ్లిసరాల్‌కు 20 డిగ్రీల దగ్గర 1,400 దాకా ఉంటుంది. మనిషికి నీరు పలచన, కానీ బ్యాక్టీరియాకు నీరే చాలా చిక్కన. ఒక వస్తువు ద్రవంలో కదిలేటప్పుడు దాని జడత్వానికీ ద్రవం పట్టుకుని లాగే బలానికీ ఉన్న నిష్పత్తిని రెనాల్డ్స్ సంఖ్య చెబుతుంది. ఈదే మనిషికి అది లక్షల్లో ఉంటుంది. సెకనుకు వంద మైక్రోమీటర్లు ఈదే డెల్లోవిబ్రియోకు నీటిలోనే అది పదివేలలో ఒక వంతు. అంటే జడత్వం లేనట్టే లెక్క. ఈ లోకం ఎలా ఉంటుందో 1977లో భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో అందరికీ మొదటి పాఠం. బ్యాక్టీరియా తన మోటారు ఆపేస్తే, ఆ ఊపులో ముందుకు జారే దూరం ఒక పరమాణువు వ్యాసం కంటే తక్కువని ఆయన లెక్కకట్టాడు.

దీనివల్ల ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. నీటిలోనే జడత్వం లేనప్పుడు, ద్రవం పది రెట్లు చిక్కబడ్డంత మాత్రాన బ్యాక్టీరియా కొత్త రకం లోకంలోకి అడుగుపెట్టదు. అదే లోకం, నెమ్మదిగా నడుస్తుంది. చేప నీటిలోంచి బురదలోకి వస్తే ఈదే పద్ధతే పనికిరాకుండా పోతుంది. కశాభం తిప్పుకునే కణానికి అలా కాదు. ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు పోతుందన్నది కశాభం మెలిక ఆకారం మీద, శరీరం ఆకారం మీద ఆధారపడుతుంది. సాధారణ ద్రవంలో ఈ దూరం చిక్కదనంతో మారదు. మారేది చుట్టుకు పట్టే సమయం ఒక్కటే.

ఆ సమయం ఎంత మారుతుందన్నది మోటారు చేతిలో ఉంది. కశాభం మొదట్లో ఉండే మోటారు కణం లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహంతో తిరుగుతుంది. ఇ. కోలై మోటారును బాగా కొలిచారు: బరువు ఎక్కువగా ఉన్నంతవరకు అది దాదాపు ఒకే టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది, తేలికయ్యాక, వేగం ఒక హద్దు దాటాక, టార్క్ గబగబా పడిపోతుంది. టార్క్ స్థిరంగా ఉండే చోట లెక్క తేలిక. చిక్కదనం రెట్టింపైతే వేగం సగం. దీనికి తోడు, బరువు పెరిగిందని తెలిస్తే మోటారు చుట్టూ స్టేటర్ అనే చోదక భాగాలు అదనంగా వచ్చి చేరతాయని కూడా ఇ. కోలైలో చూశారు. కాబట్టి నష్టం కొంత పూడుతుంది, పూర్తిగా కాదు. డెల్లోవిబ్రియో జన్యువుల్లో స్టేటర్ భాగాలను తయారుచేసే జంటలు మూడు ఉన్నాయి. ఒకే ఒక్క కశాభాన్ని తిప్పడానికి మూడూ తోడ్పడుతున్నాయని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో లిజ్ సాకెట్ బృందం చూపించింది.

శక్తి ఖర్చు దగ్గర చాలామంది పొరబడతారు. చిక్కటి ద్రవంలో ఈదడానికి ఎక్కువ శక్తి కావాలి కాబట్టి వేటగాడు త్వరగా నీరసించి చస్తాడని వాదన. మోటారు ఒక చుట్టు తిరగడానికి కావలసిన ప్రోటాన్ల సంఖ్య ఇంచుమించు స్థిరం అనుకుంటే, టార్క్ స్థిరంగా ఉన్న పరిధిలో చిక్కదనం పెరిగినప్పుడు సెకనుకు చుట్లు తగ్గుతాయి, దానితో పాటే సెకనుకు ఖర్చూ తగ్గుతుంది. చుట్టుకు వెళ్లే దూరం మారలేదు కనుక మైక్రోమీటరుకు అయ్యే ఖర్చూ మారదు. నిజమైన నష్టం వేరే చోట ఉంది. ఈదినా ఈదకపోయినా కణం బతికుండటానికి నిమిషానికి ఇంత అని ఖర్చు ఉంటుంది. డెల్లోవిబ్రియోలో ఇది బాగా ఎక్కువ. ఎర దొరక్కపోతే తన ఒంట్లోని పదార్థాన్నే కాల్చుకుంటూ పోతుంది. కాబట్టి వెతుకులాట గంటల తరబడి సాగితే ప్రమాదమే. అసలు ప్రశ్న ఇలా మారుతుంది: చిక్కదనం వల్ల వెతుకులాట ఎన్ని నిమిషాలు పెరుగుతుంది?

ఒక చిన్న లెక్క

డెల్లోవిబ్రియోకు దూరం నుంచి ఎర ఎక్కడుందో పసిగట్టే శక్తి అంతంత మాత్రం. అమైనో ఆమ్లాల వంటి వాటివైపు కొంత కదులుతుంది, ఎర చాలా దట్టంగా ఉన్నప్పుడు అటు మొగ్గు చూపుతుంది. ఒంటరి ఎర కణాన్ని వాసన పట్టి వెంబడించడం మాత్రం దాని వల్ల కాదు. గుడ్డిగా ఈదుతూ పోతే తగిలిందే తిండి. అందువల్ల వెతుకులాట సమయాన్ని అంచనా వేయడం కష్టం కాదు.

వేటగాడూ ఎరా తాకాలంటే వాటి కేంద్రాల మధ్య దూరం ఒక మైక్రోమీటరు లోపలికి రావాలనుకుందాం. అప్పుడు వేటగాడు ఈదుతున్నప్పుడు ఒక మైక్రోమీటరు వ్యాసార్ధం ఉన్న గొట్టంలాంటి జాగాను జల్లెడ పడుతూ పోతున్నట్టు. ఆ గొట్టం అడ్డుకోత మూడు చదరపు మైక్రోమీటర్ల పైచిలుకు. వేగం సెకనుకు వంద మైక్రోమీటర్లయితే సెకనుకు మూడు వందల ఘనపు మైక్రోమీటర్ల పైన జల్లెడ పడుతుంది. ఒక మిల్లీలీటరులో పది లక్షల ఎర కణాలు ఉంటే, ఒక్కో కణానికి వాటాగా వచ్చే జాగా పది లక్షల ఘనపు మైక్రోమీటర్లు, అంటే వైపుకు వంద మైక్రోమీటర్లున్న పెట్టె. దాన్ని జల్లెడ పట్టడానికి యాభై నిమిషాల పైన పడుతుంది. అదే ద్రవాన్ని పది రెట్లు చిక్కగా చేసి, వేగం పదో వంతుకు పడిందనుకుంటే, తొమ్మిది గంటలు. ఇది ప్రాణాంతకమైన తేడా.

ఇప్పుడు ఎర సాంద్రతను ప్రయోగశాలలో మామూలుగా వాడే స్థాయికి, మిల్లీలీటరుకు పది కోట్లకు, పెంచి చూడండి. పలచటి ద్రవంలో ఎర తగలడానికి అర నిమిషం. పది రెట్లు చిక్కటి ద్రవంలో ఐదారు నిమిషాలు. వెతుకులాట పది రెట్లు పెరిగింది, నిజమే. కానీ దాని తర్వాత లోపల జరిగే తతంగానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మొత్తం చక్రంలో అదనంగా చేరింది నూటికి రెండు మూడు వంతులు. పళ్లెంలో లెక్కించినప్పుడు ఆ తేడా కనిపించడం కూడా కష్టం.

ఈ లెక్క స్థూలమైనది. ఎర కదలికను, దారి వంపుల్ని, అతుక్కునే అవకాశాన్ని పక్కన పెట్టింది. అయినా అసలు విషయాన్ని పట్టిస్తుంది. వేటలో నిదానంగా జరిగే అంచె ఏదో దాన్నిబట్టే మొత్తం వేగం ఉంటుంది. ఎర దట్టంగా ఉన్నచోట ఆ నిదానపు అంచె ఈత కాదు, జీర్ణం. జీర్ణం జరిగేది ఎర కణం లోపల. అక్కడి చిక్కదనాన్ని బయట కలిపిన పదార్థం మార్చదు. ఆక్సిజన్ వంటి చిన్న అణువులు పొడవాటి పాలిమర్ అణువుల సందుల్లోంచి పెద్దగా అడ్డు లేకుండా దూసుకుపోతాయి కాబట్టి, పాలిమర్ కలిపి చిక్కచేసిన ద్రవంలో లోపలి పిల్లలకు ఊపిరి అందడం కూడా కొలిచిన చిక్కదనం సూచించినంతగా తగ్గదు.

ఈతే లేకపోతే ఏమవుతుందో కూడా ఈ లెక్కతోనే చూడొచ్చు. ఈదలేని కణాన్ని అణువుల తాకిళ్లు అటూ ఇటూ నెడుతుంటాయి. ఆ వ్యాపనం మీదే ఆధారపడితే, పది లక్షల సాంద్రతలో ఒక ఎర తగలడానికి ఒక రోజుకు దగ్గరగా పడుతుంది. కాబట్టి ఈత వల్ల పాతిక రెట్ల లాభం ఉంది, అది దండగ కాదు. కానీ దాని పని ఎరను తాకించడం వరకే. కశాభం పనిచేయని డెల్లోవిబ్రియోను తీసుకెళ్లి ఎరల మీదే పెడితే అది అతుక్కుని లోపలికి దూరగలదని 2006లో సాకెట్ బృందమే చూపించింది. తలుపు దాకా తీసుకెళ్లేది కశాభం, లోపలికి దూరడానికి ఆ తోపుడు అక్కర్లేదు. లోపలికి వెళ్లే పనిలో నాలుగో రకం పైలై అనే సన్నటి నూలుపోగుల పాత్ర ముఖ్యమని వేరే ప్రయోగాలు చెబుతున్నాయి.

ప్రయోగంలో ఏం కనబడింది

ఈ అంచనాలను నేరుగా పరీక్షించిన పని 2019లో ఎన్విరాన్‌మెంటల్ మైక్రోబయాలజీ పత్రికలో వచ్చింది. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వార్డ్ జుర్కెవిచ్, ఆయన సహ పరిశోధకులు చేసిన పని ఇది. డెల్లోవిబ్రియోలో రెండు స్ట్రెయిన్లు, అంటే ఉపరకాలు, వాటితో పాటు మైకావిబ్రియో ఏరుజినోసావోరస్ అనే ఇంకో వేటగాడు. ఈ మైకావిబ్రియో ఎర లోపలికి దూరదు, బయటే అతుక్కుని పీల్చేస్తుంది. పాలివినైల్‌పిరోలిడోన్ అనే పాలిమర్ కలిపి ద్రవాన్ని చిక్కచేసి, 28 డిగ్రీల దగ్గరా 37 డిగ్రీల దగ్గరా చూశారు. మెరిసే గుర్తులు పెట్టి వేటగాళ్ల పెరుగుదలను, ఎరల తరుగుదలను లెక్కించారు.

బాగా చిక్కటి ద్రవంలో ఈత వేగం బాగా పడిపోయింది. అయినా మూడు వేటగాళ్లూ ఎరను పలచటి ద్రవంలో తగ్గించినంతకే తగ్గించాయి, కాస్త ఆలస్యంగా. ఎర ఈదేదైనా ఈదనిదైనా, గుంపులు కట్టినా కట్టకపోయినా ఫలితం మారలేదు. ఇంతవరకు పై లెక్క చెప్పినట్టే ఉంది. లోపల దూరే డెల్లోవిబ్రియో, బయట అతుక్కునే మైకావిబ్రియో, రెండూ ఒకేలా ప్రవర్తించడం గమనించాల్సిన విషయం. తినే పద్ధతి వేరైనా నిదానపు అంచె తినడమే అయినప్పుడు ఫలితం ఒకేలా వస్తుంది.

కానీ లెక్క చెప్పనిది ఇంకొకటి కనబడింది. మొదట్లో వేటగాళ్లను చాలా తక్కువ సంఖ్యలో వేసినప్పుడు, చిక్కదనం పెరిగేకొద్దీ వేట వేగం పెరిగింది. తగ్గడం కాదు, పెరగడం. వేటగాళ్ల సంఖ్య పెంచుతూ పోతే ఈ తేడా మాయమైంది. ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. ఎందుకంటే చిక్కదనం అంటే అడ్డంకి అనే ఊహనే ఇది తలకిందులు చేస్తుంది.

దీనికి పరిశోధకులు సూచించిన కారణాలు మూడు దారుల్లో ఉన్నాయి. చిక్కటి ద్రవంలో ఈత వేగమే కాదు, ఈత తీరు కూడా మారుతుంది. వేటగాడు వేటగాడికే తగిలి వృథా అయ్యే తాకిళ్ల లెక్క మారుతుంది. పాలిమర్ అణువులు జాగాను ఆక్రమించడం వల్ల కణాలు దగ్గరికి నెట్టబడతాయి.

మొదటిది తేలిగ్గా అర్థమవుతుంది. జల్లెడ లెక్కలో వేగానికి ఎంత విలువ ఉందో, కొత్త జాగా అన్నదానికీ అంతే ఉంది. గిరగిరా అదే చోట తిరిగే కణం ఎంత వేగంగా ఈదినా పాత జాగానే మళ్లీ మళ్లీ వెతుకుతుంది. నీటిలో గాజు పలకకు దగ్గరగా ఈదే బ్యాక్టీరియా వలయాలుగా తిరగడం తెలిసిందే. డెల్లోవిబ్రియో కూడా అలా ఉపరితలాల దగ్గర తిరుగుతుందని 2017లో బయోఫిజికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. వేటగాడినీ ఎరనూ రెండిటినీ ద్రవ ప్రవాహమే గోడల దగ్గరికి లాగి ఒకేచోట చేరుస్తుందని, అందువల్ల తాకిళ్లు పెరుగుతాయని కూడా అందులో తేలింది. అంటే ఈ జీవి విషయంలో వెతుకులాటను ద్రవమే సగం నడిపిస్తుంది. ద్రవం స్వభావం మారితే ఆ నడిపింపు కూడా మారుతుంది.

మూడోదాన్ని కాస్త విడమర్చాలి. పాలిమర్ అణువులకు కొంత పరిమాణం ఉంటుంది. రెండు కణాలు బాగా దగ్గరైతే వాటి మధ్య సందులోకి ఆ అణువులు దూరలేవు. బయటి వైపు ఉన్నవి మాత్రం నెడుతూనే ఉంటాయి. లోపల లేని నెట్టుడు, బయట ఉన్న నెట్టుడు, ఈ తేడా వల్ల రెండు కణాలు ఒకదానికొకటి అతికినట్టు ఉండిపోతాయి. కణాల మధ్య ఆకర్షణ ఏమీ లేకపోయినా ఇది జరుగుతుంది. దీన్ని 1954లోనే అసాకురా, ఊసావా అనే జపాన్ శాస్త్రవేత్తలు వివరించారు. వేటకు ఇదెలా ఉపయోగమో ఊహించవచ్చు. డెల్లోవిబ్రియో ఎరకు తగిలిన ప్రతిసారీ పట్టు దొరకదు. మొదటి పట్టు వదులుగా ఉంటుంది, చాలాసార్లు విడిపోతుంది. ద్రవం చిక్కగా ఉంటే విడిపోయి దూరం జరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. పైగా బయటి నుంచి నెట్టుడు ఉంటే పక్కపక్కనే ఉండే క్షణాలు ఇంకా పెరుగుతాయి. తాకిళ్లు తగ్గినా, తాకినవి పట్టుగా మారే అవకాశం పెరగొచ్చు.

వేటగాళ్లు తక్కువగా ఉన్నప్పుడే ఈ లాభం కనబడటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. వేటగాళ్లు ఎక్కువగా ఉంటే ప్రతి ఎరకూ ఎవరో ఒకరు త్వరగానే తగులుతారు, తాకిళ్లలో కొన్ని వృథా అయినా ఇబ్బంది లేదు. వేటగాళ్లు అరుదుగా ఉన్నప్పుడు మొదటి తరం పట్టే ప్రతి ఎర నాలుగైదు కొత్త వేటగాళ్లను ఇస్తుంది, వాటిలో ఒక్కోటి మళ్లీ నాలుగైదు. మొదటి చక్రంలో వచ్చిన చిన్న లాభం నాలుగు చక్రాల తర్వాత పెద్దదై కనబడుతుంది.

చిక్కదనం ఒక్క అంకెలో ఇమడదు

ఈ ఫలితాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ద్రవాన్ని చిక్కచేయడానికి ఏం కలిపారన్నది, ఎంత చిక్కగా చేశారన్నంత ముఖ్యం. మామూలు ఈదే బ్యాక్టీరియా మీద యాభై ఏళ్లుగా జరిగిన వాదనే దీనికి రుజువు. చిక్కదనం కొంచెం పెరిగితే బ్యాక్టీరియా వేగం మొదట పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గుతుందని 1974లో ష్నైడర్, డోచ్ అనే శాస్త్రవేత్తలు రాశారు. పాలిమర్ దారాలు వలలా అల్లుకుంటే, కశాభం ఆ వలను ఆనుకుని ఎక్కువ ముందుకు తోసుకోగలదని 1979లో హోవార్డ్ బెర్గ్, టర్నర్ వివరించారు. చాలా ఏళ్లు ఇదే మాట నడిచింది. 2014లో ఎడిన్‌బరా బృందం అదే పాలివినైల్‌పిరోలిడోన్‌ను శుద్ధి చేసి వాడింది. చిన్న అణువుల పాలిమర్‌తో వచ్చిన వేగం పెరుగుదల చాలావరకు మాయమైంది. పాలిమర్‌లో కలిసిన చిన్న చిన్న మలినాలను బ్యాక్టీరియా తిని ఉత్సాహంగా ఈదాయన్నమాట. బాగా పొడవాటి అణువుల పాలిమర్‌లో మాత్రం నిజమైన భౌతిక ప్రభావం మిగిలింది. వేగంగా తిరిగే సన్నటి కశాభం చుట్టూ ద్రవం పలచబడుతుంది, నెమ్మదిగా కదిలే శరీరం చుట్టూ చిక్కగానే ఉంటుంది.

2015లో ఇంకో పరిశోధన, సాగే గుణమున్న పాలిమర్ ద్రవంలో ఇ. కోలై దొర్లి దిశ మార్చుకోవడం తగ్గి, దారులు తిన్నగా అవుతాయని చూపింది. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన మిన్నెసోటా విశ్వవిద్యాలయ అధ్యయనం మరింత ఆశ్చర్యకరం. పాలిమర్ దారాలు లేకుండా గట్టి సూక్ష్మ కణికలు కలిపినా వేగం 80 శాతం దాకా పెరిగింది. ఈదే కణం అటూ ఇటూ ఊగిపోవడాన్ని ఆ కణికలు తగ్గిస్తాయని వాళ్ల వివరణ. ఈ ప్రయోగాలు ఎక్కువగా ఇ. కోలై వంటి కశాభాల గుత్తి ఉన్న వాటి మీద జరిగాయి. ఒకే కశాభంతో, కామా ఆకారంతో, ఎన్నో రెట్లు వేగంతో పోయే డెల్లోవిబ్రియోకు వీటిని యథాతథంగా అంటగట్టకూడదు. కానీ 5 మిల్లీపాస్కల్ సెకన్లు అన్న ఒకే అంకె ఉన్న రెండు ద్రవాలు ఒకే వేటగాడికి రెండు వేర్వేరు లోకాలు కాగలవన్నది మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

ఉష్ణోగ్రతను కూడా ఇందులో కలపాలి. 28 నుంచి 37 డిగ్రీలకు వెళితే నీటి స్నిగ్ధత ఆరో వంతు దాకా తగ్గుతుంది. అదే సమయంలో కణం లోపలి రసాయనమూ వేగం మారుతుంది. వేడిలో వేట తేడాగా కనబడితే దానికి ద్రవం కారణమా, జీవక్రియ కారణమా అన్నది విడదీయకుండా మాట్లాడితే చెప్పిందేమీ ఉండదు.

శరీరంలోని ద్రవాల దగ్గరికి వచ్చేసరికి చిక్కదనాన్ని నిందించే అలవాటు ఇంకా ఎక్కువ. మనిషి రక్తసారం, అంటే సీరమ్, నీటి కంటే కొద్దిగానే చిక్కన. అయినా అందులో డెల్లోవిబ్రియో వేట బాగా దెబ్బతింటుంది. 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన పనిలో దక్షిణ కొరియా పరిశోధకులు అసలు కారణాలు పట్టుకున్నారు: సీరమ్‌లోని ఆల్బుమిన్ ప్రోటీన్, ద్రవాభిసరణ గాఢత, అంటే అందులో కరిగిన పదార్థాల మొత్తం. చిక్కదనం అక్కడ దోషి కాదు. అదే సంవత్సరం ఇంకో బృందం, మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా మీద సీరమ్‌లో వేటను పరిశీలించి, డెల్లోవిబ్రియో మొదట్లో తడబడి ఆ తర్వాత తేరుకుని వేట సాగించడం గమనించింది. చిక్కదనం మీద మాత్రమే దృష్టి పెట్టి సీరమ్‌ను పలచన చేసి చూసి ఉంటే, ఆల్బుమిన్ కూడా పలచనై, ఫలితం మెరుగైంది కాబట్టి తప్పు చిక్కదనానిదే అని తేల్చేసే ప్రమాదం ఉండేది.

కఫం సంగతి పూర్తిగా వేరు. అది చిక్కటి ద్రవం కాదు, జెల్. మ్యూసిన్ అనే పొడవాటి అణువులు, చచ్చిన కణాల నుంచి వచ్చిన డీఎన్ఏ దారాలు కలిసి అల్లిన వల. ఆ వల కన్నాల పరిమాణం వందల నానోమీటర్ల లెక్కలో ఉంటుంది, జబ్బు చేసినప్పుడు ఇంకా సన్నబడుతుంది. డెల్లోవిబ్రియో వెడల్పు కూడా అదే లెక్కలో ఉంది. ఇక్కడ వేగం సగమైందా, పదో వంతైందా అన్న ప్రశ్నకు అర్థం లేదు. దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న. సన్నగా ఉండటం ఈ వేటగాడికి ఇక్కడ నిజమైన మేలు, ఇ. కోలై ఇరుక్కునే సందులో ఇది దూరే అవకాశం ఉంది. కడుపులో బతికే హెలికోబ్యాక్టర్ పైలోరీ తన చుట్టూ ఆమ్లతను తగ్గించి, జెల్‌గా ఉన్న శ్లేష్మాన్ని ద్రవంగా మార్చి, అందులో ఈదుతుందని 2009లో తేలింది. డెల్లోవిబ్రియోకు అలాంటి ఏర్పాటు ఉన్నట్టు ఆధారం లేదు, కానీ ఎరను జీర్ణం చేసుకునే ఎంజైములు దండిగా ఉన్నాయి. బ్యాక్టీరియా కట్టే జిగురు పొరల, అంటే బయోఫిల్మ్‌ల, విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. ఇ. కోలై బయోఫిల్మ్‌ను డెల్లోవిబ్రియో గణనీయంగా తగ్గించగలదని 2005లోనే కడూరి, ఓటూల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. జిగురు పొర మధ్యలో ఎర కణాలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని ఉంటాయి. ఒక ఎరలోంచి బయటపడిన పిల్లకు తర్వాతి ఎర కొన్ని మైక్రోమీటర్ల దూరంలోనే దొరుకుతుంది.

అంత దగ్గర దూరాలకు ఈత కూడా అక్కర్లేదు. 2011లో సాకెట్ బృందం డెల్లోవిబ్రియో గట్టి ఉపరితలం మీద కశాభం లేకుండానే జారగలదని కనిపెట్టింది. వేగం గంటకు పదహారు మైక్రోమీటర్ల దరిదాపు. సెకనుకు వంద మైక్రోమీటర్లు పోయే జీవి గంటకు పదహారుకు దిగడం ఏ రకంగా చూసినా నత్తనడకే. అయినా ఎరల గుట్ట మీద అది చాలు. మిక్సోకాకస్ జాంథస్ అనే ఇంకో వేటగాడు పూర్తిగా ఇలాంటి జారుడు మీదే బతుకుతుంది. అది అసలు ఈదదు, ఉపరితలాల మీద గుంపులుగా కదులుతూ ఎర కణాలను చేరుకుని కరిగించి తింటుంది. దాని వేటలో ఈదే ద్రవం చిక్కదనం అన్న ప్రశ్నే రాదు.

అందుకే వేటాడే బ్యాక్టీరియాను మందుగా వాడాలనుకునే చోట, ఈత వేగం కొలిచి ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తీర్పు చెప్పడం సరికాదు. ముందు కొలవాల్సింది ఆ చోట ఎర ఎంత దట్టంగా ఉందన్నది. మిల్లీలీటరుకు కోట్లలో ఉంటే చిక్కదనం కొన్ని నిమిషాల ఆలస్యమే. లక్షల్లోకి దిగితే అదే చిక్కదనం వేటగాడిని ఆకలితో చంపగలదు. ఇన్ఫెక్షన్ తగ్గుముఖం పట్టి ఎరలు పలచబడే చివరి దశలోనే ఈ తేడా పడుతుంది. మిగిలిపోయిన ఆ కొద్ది కణాలను ఏరివేయడానికి వేటగాళ్లను ఒకేసారి ఎక్కువగా వేయాలా, కొంచెం కొంచెంగా చాలాసార్లు వేయాలా అన్నది చిక్కటి ద్రవంలోనే, తక్కువ ఎర సాంద్రతలోనే పరీక్షించి తేల్చాల్సిన విషయం. పది కోట్ల ఎరలున్న పలచటి బఫర్‌లో చేసిన ప్రయోగం దానికి జవాబు చెప్పలేదు.